పల్లె దృశ్యాల ఫొటోగ్రఫీ, 4వ పాఠం: కెమెరా ఎంత ఎత్తులో ఉండాలి?

చాళ్లు, గట్లు, బండిబాటలు చూపును ఫ్రేములోకి ఎలా తీసుకెళ్తాయో గత పాఠంలో చూశాం. ఆ గీతలన్నీ కుదిరినా ఫొటో చప్పగా ఉందంటే, ముందు అనుమానించాల్సింది కెమెరా ఎత్తునే. నిలబడ్డవాళ్లం నిలబడ్డట్టే తీసేస్తుంటాం.

చదునైన పొలంలో ఒక సూత్రం తప్పకుండా పనిచేస్తుంది: లెన్సు నేల నుంచి ఎంత ఎత్తులో ఉంటే, క్షితిజరేఖ (నేలా ఆకాశం కలిసినట్టు కనిపించే గీత) ప్రతి వస్తువునూ అంతే ఎత్తులో కోస్తుంది. లెన్సు 150 సెం.మీ. ఎత్తులో ఉంటే, పొలంలో నిలబడ్డ మనిషికి ఆ గీత తల దగ్గరే తగులుతుంది. పశువుల వీపు కూడా దాదాపు దాన్లోనే కలిసిపోతుంది. వెనక్కి జరిగినా, జూమ్ చేసినా ఈ కోత మారదు. మోకాళ్ల మీద కూర్చుని లెన్సును 70 సెం.మీ.కి దించండి. తల, భుజాలు, చేతిలోని కొడవలి అన్నీ ఆకాశం మీద విడిగా, స్పష్టంగా కనిపిస్తాయి. ఒంటరి చెట్టు, గడ్డివామి, మంచె వంటి వాటికీ ఇదే వర్తిస్తుంది.

అయితే కిందికి దిగేకొద్దీ మధ్యభాగం నలిగిపోతుంది. దగ్గరి పైరుకూ దూరపు చెట్లకూ నడుమ ఉన్న చెరువు సన్నని గీతగా మిగులుతుంది, చాళ్ల మధ్య మట్టి కనబడదు. మీకు నచ్చింది వంపులు తిరిగే గట్లో, మళ్ల అమరికో అయితే దిగకండి, ఎక్కండి. ఎత్తయిన కట్ట చాలు. అదీ లేకపోతే కెమెరా బిగించిన మోనోపాడ్‌ను (ఒంటికాలి స్టాండు) తలపైకి ఎత్తి, 10 సెకన్ల టైమర్ పెట్టండి. లెన్సును బాగా కిందికి వంచితే అంచుల్లోని చెట్లు బయటికి ఒరిగినట్టు వస్తాయి. వీలైనంత సమంగా పట్టి, అక్కర్లేని ఆకాశాన్ని తర్వాత కత్తిరించండి.

కిందికి దించినప్పుడు ఫోకస్ కూడా చూసుకోవాలి. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో (36×24 మి.మీ. సెన్సరు ఉన్నది) 24 మి.మీ. లెన్సు, ఎఫ్/11 (లెన్సు రంధ్రం కొలత; అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది) పెట్టి సుమారు 1.8 మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే, 0.9 మీటరు నుంచి అనంతం దాకా స్పష్టంగా వస్తుంది. అంతకన్నా దగ్గరగా ఉన్న ఆకులు మసకబారతాయి. దానికి ఎఫ్/22 మందు కాదు, డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలో వెలుతురు చెదరడం) వల్ల ఫొటో మొత్తం మెత్తబడుతుంది. ఒక అడుగు వెనక్కి జరగండి. గాలికి పైరు ఊగుతుంటే ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 400 లేదా 800కి పెంచి, షట్టర్ వేగం 1/125 సెకను కన్నా తగ్గకుండా చూడండి.

ఫోన్‌తో తీసేవారు ఫోన్‌ను తలకిందులుగా పట్టుకుంటే లెన్సు నేలకు మరింత దగ్గరవుతుంది.

ఈ వారం అభ్యాసం: పైరు తొక్కకుండా గట్టు మీదే ఒక చోటు ఎంచుకోండి. అక్కడి నుంచి కదలకుండా, జూమ్ మార్చకుండా 150, 70, 30 సెం.మీ. ఎత్తుల్లో మూడు ఫొటోలు తీయండి. ప్రతిదాన్నీ తెర మీద పెద్దది చేసి, క్షితిజరేఖ ముఖ్య వస్తువును ఎక్కడ కోసిందో, మధ్యభాగం ఎంత మిగిలిందో, అన్నిటికన్నా దగ్గరి ఆకు స్పష్టంగా ఉందో లేదో రాసుకోండి. 5వ పాఠంలో ఆకాశానికి ఎంత చోటివ్వాలో ఈ ఫొటోలతోనే తేల్చుకుంటాం, తుడిచేయకండి.