చందమామను చుట్టివచ్చిన తాబేలు: పిల్లల బొమ్మల పుస్తకం తయారుచేసే విధానం

అంతరిక్షంలోకి వెళ్లిన జంతువు మీద పిల్లలకు బొమ్మల పుస్తకం చేయాలనుకునేవారు ఎక్కువగా కుక్కనో కోతినో ఎంచుకుంటారు. తెలుగు పిల్లల కోసమైతే తాబేలును తీసుకోమని నా సలహా. పందెంలో కుందేలును గెలిచిన తాబేలు వాళ్లకు ముందే తెలుసు; చందమామ మీది మచ్చ కుందేలేనన్న మాట కూడా ఇంట్లో పెద్దవాళ్ల నోట విని ఉంటారు. 1968 సెప్టెంబరులో సోవియట్ యూనియన్ పంపిన జోండ్-5 వ్యోమనౌకలో రెండు తాబేళ్లు నిజంగానే ఆ చందమామను చుట్టి, 21వ తేదీన ప్రాణాలతో హిందూ మహాసముద్రంలో దిగాయి. మనుషులు అపోలో-8లో చంద్రుడి చుట్టూ తిరిగినది ఆ తర్వాత, డిసెంబరులో. కుందేలు ఉన్న చోటికి తాబేలు వెళ్లిరావడం కంటే మంచి కథ మనం కల్పించలేము.

కథ రాయకముందే, మార్చకూడని విషయాలను ఒక కాగితం మీద రాసుకోండి. ప్రయాణంలో తాబేళ్లకు ఆహారం పెట్టలేదు, తిరిగి వచ్చేసరికి అవి సుమారు 10 శాతం బరువు తగ్గాయి. కాబట్టి నౌకలో ఆకు నములుతున్న తాబేలు బొమ్మ, ఎంత ముద్దుగా ఉన్నా, వేయకూడదు. అవి మధ్య ఆసియా మైదానాల తాబేళ్లు, ఒక్కో కాలికి నాలుగే గోళ్లు ఉంటాయి. డిప్ప మీద చుక్కల్లా పసుపు గీతలుండే మన నక్షత్ర తాబేలును గీయాలని చేయి లాగుతుంది, అంతరిక్షానికి అది అందంగా అమరుతుంది కూడా, కానీ వెళ్లింది అది కాదు. పేరు, మాటలు, కుందేలుతో పలకరింపు మాత్రం మీ ఊహకే వదిలేయవచ్చు.

తరువాత డమ్మీ, అంటే అచ్చుకు ముందు చేతితో చేసుకునే నమూనా పుస్తకం, తయారుచేయండి. ఎనిమిది ఏ4 కాగితాలను ఒకదానిపై ఒకటి పెట్టి మధ్యకు మడిచి కుడితే 32 పుటలు వస్తాయి. పేరు, ముద్రణ వివరాలు, చివరి గమనిక పోగా కథకు పన్నెండు పదమూడు జతల ఎదురెదురు పుటలు మిగులుతాయి. ఒక్కో జతకు రెండు మూడు వాక్యాలు చాలు. ఉత్కంఠ కలిగించే వాక్యం ఎప్పుడూ కుడివైపు పుట చివరనే ఉండాలి. "చందమామ వెనుకవైపు ఏముంది?" అని అక్కడ ఆపితే, జవాబు కోసం పాప తానే పుట తిప్పుతుంది.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది మాటకూ బొమ్మకూ మధ్య పని పంచడంలో. ఒక ఉదాహరణ చూడండి. మొదటి పుటల్లో తాబేలు నేల మీద వెల్లకిలా పడి, నాలుగు కాళ్లూ గాలిలో ఆడిస్తూ తిరగబడలేక అవస్థపడుతుంది. నౌకలోకి వెళ్లాక అదే భంగిమను మళ్లీ గీసి, కింద "ఈసారి ఏమీ కాలేదు" అని మాత్రమే రాయండి. అక్కడ పైనా కిందా లేవని పిల్లవాడికి బొమ్మే చెబుతుంది. భారరహిత స్థితి అన్న మాట అవసరమే రాదు. నౌకా తాబేలూ కలిసి ఒకే తీరున పడుతూ ఉండటం వల్లనే బరువు తెలియదన్న వివరణ చివరి గమనికలో పెద్దల కోసం ఉంటే సరిపోతుంది. కిటికీలోని భూమిని పుట పుటకూ చిన్నది చేస్తూ వెళితే, దూరం ఎంతో చెప్పే అంకెలు కూడా అక్కరలేదు.

నల్లని ఆకాశం మీద తెల్లని సన్నటి అక్షరాలు వేస్తే ముద్రణలో సిరా పూడి, సున్నలూ వత్తులూ కలిసిపోతాయి; లావైన అక్షరం వాడండి, లేదా బొమ్మలో లేత రంగు చోటు వదలండి. వత్తులు కింది వరుసకు తగలకుండా వరుసల మధ్య ఎడం పెంచండి. తాబేలు ముఖం పుటల మడతలో పడకూడదు.

ముగింపు విషయంలో నేను చాలాకాలం తటపటాయించాను. తిరిగివచ్చిన ఆ తాబేళ్లను కొన్ని వారాల తరువాత పరిశోధన కోసం కోసి పరీక్షించారు. అయిదేళ్ల పిల్లల కథను అవి ఆకలిగా మేత తినే బొమ్మ దగ్గర ఆపడం సబబే, అది అబద్ధం కాదు; అయితే చివరి గమనికలో జరిగినది జరిగినట్లు రాయాలి, పెద్ద పిల్లలు అడిగినప్పుడు తల్లిదండ్రుల చేతిలో నిజమైన జవాబు ఉండాలి.

రంగులు వేయడానికి ముందు, పెన్సిలు గీతల డమ్మీనే నలుగురైదుగురు పిల్లలకు చదివి వినిపించండి. వాళ్లు బొమ్మ మీద వేలు పెట్టి ముందే చెప్పేసిన ప్రతి వాక్యాన్నీ కొట్టివేయండి.