వియ్యమూ కయ్యమూ ఒకే కోటలో: మధ్యయుగ స్కాట్లండు ప్రేమకథ ఎలా రాయాలి?

వియ్యానికైనా కయ్యానికైనా సమ ఉజ్జీ ఉండాలంటారు మన పెద్దలు. మధ్యయుగ స్కాట్లండు నేపథ్యంలో వచ్చే ఒక రకం ప్రేమ నవలలకు ఈ సామెతే పునాది. రెండు వంశాల మధ్య పాత పగ ఉంటుంది. రాజు రాజీ కుదిర్చి పెళ్ళి నిర్ణయిస్తాడు. వధూవరులిద్దరూ ఒకరికొకరు లొంగే రకం కాదు. పెళ్ళయ్యాక అసలు కథ మొదలవుతుంది.

ఇలాంటి కథ తెలుగులో రాయాలనుకునేవారికి ఒక సౌలభ్యం ఉంది. పెళ్ళి ముందు, ప్రేమ తర్వాత అన్న క్రమాన్ని మన పాఠకులకు ఎవరూ వివరించనక్కరలేదు. చిక్కు కూడా అక్కడే ఉంది. కాస్త ఏమరితే స్కాట్లండు కోటలోకి పెళ్ళిచూపులు, ఆడపడుచు లాంఛనాలు, అత్తగారి ఆరళ్ళు వచ్చి కూర్చుంటాయి. నా మొదటి రాతప్రతిలో అవన్నీ ఉన్నాయి. పైగా 1310లో వంటమనిషి బంగాళాదుంపలు చెక్కు తీస్తూ కనిపిస్తుంది. అమెరికా ఖండం నుంచి ఆ దుంప యూరప్‌కు చేరడానికి అప్పటికింకా రెండున్నర శతాబ్దాలు ఉందని చదివి చెప్పిన స్నేహితురాలు చాలాసేపు నవ్వింది.

ముందు సంవత్సరం తేల్చుకోండి

"మధ్యయుగం" అని రాసుకుని మొదలుపెడితే కథ పొగమంచులో తిరుగుతుంది. వెయ్యేళ్ళకు పెట్టిన ఒకే పేరది. ఒక ఏడాదిని, వీలైతే ఒక ఋతువును ఎంచుకోండి.

నన్నడిగితే 1306 నుంచి 1314 వరకు ఉన్న ఎనిమిదేళ్ళకు మించిన గని లేదు. దాని వెనుక కథ క్లుప్తంగా ఇది. 1286 మార్చిలో ఒక తుపాను రాత్రి, పడుచు భార్యను చేరుకోవాలన్న తొందరలో బయలుదేరిన మూడవ అలెగ్జాండర్ రాజు కింగ్‌హార్న్ దగ్గర గుర్రం మీది నుంచి పడి చనిపోయాడు. మిగిలిన ఏకైక వారసురాలు, నార్వేలో ఉన్న చిన్నారి మనవరాలు, 1290లో స్కాట్లండుకు వస్తూ దారిలోనే ఆర్క్‌నీ దీవుల్లో కన్నుమూసింది. సింహాసనం కోసం తగవు మొదలైంది. తీర్పు చెప్పడానికి వచ్చిన ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్ దేశాన్నే పట్టుకున్నాడు. 1306 ఫిబ్రవరి 10న డంఫ్రీస్ పట్టణంలోని చర్చిలో, సింహాసనం ఆశిస్తున్న రాబర్ట్ బ్రూస్ తన ప్రత్యర్థి జాన్ కామిన్‌ను పొడిచాడు. కామిన్ చచ్చాడు. కొద్ది వారాల్లో బ్రూస్ స్కోన్‌లో రాజయ్యాడు.

ఆ తర్వాత జరిగింది స్కాట్లండుకూ ఇంగ్లండుకూ మధ్య యుద్ధం మాత్రమే కాదు, స్కాట్లండు వాళ్ళలో వాళ్ళకు జరిగిన అంతర్యుద్ధం కూడా. మన కథకు కావలసింది ఈ రెండోదే. నాయిక స్కాట్, నాయకుడు ఇంగ్లీషువాడు అయితే పాఠకులు మొదటి పేజీలోనే పక్షం తేల్చేసుకుంటారు. ఇద్దరూ ఒకే నేలవాళ్ళై, ఒకరు బ్రూస్ వైపు, ఒకరు కామిన్ వైపు ఉంటే ఎవరిది న్యాయమో తేలదు. తేలకపోవడమే మనకు మేలు.

పగకు పేరూ ఊరూ ఉండాలి

"తరతరాల వైరం" అన్న మాట రాయడం తేలిక, నమ్మించడం కష్టం. చరిత్రలోని ఒక సంబంధం చూడండి.

1306లో బ్రూస్ ఓడిపోయి పారిపోతున్నప్పుడు ఆయన భార్య ఎలిజబెత్, మొదటి భార్య కూతురు మార్జరీ, చెల్లెలు మేరీ, కిరీటధారణ చేయించిన బకన్ ప్రభుపత్ని ఇసబెల్లా ఉత్తరాన టెయిన్ ఊళ్ళో సెయింట్ డూథక్ పుణ్యస్థలంలో తలదాచుకున్నారు. అక్కడ అడుగుపెట్టినవారిని పట్టుకోకూడదన్నది ధర్మం. రాస్ ప్రభువు విలియం దాన్ని పక్కన పెట్టి వాళ్ళందరినీ ఎడ్వర్డ్‌కు పట్టించాడు. ఎడ్వర్డ్ మేరీని రాక్స్‌బరో కోటలో, ఇసబెల్లాను బెరిక్‌లో బోనుల్లో పెట్టించాడు.

రెండేళ్ళు గడిచాయి. బ్రూస్ పుంజుకున్నాడు. 1308 అక్టోబరు చివర విలియం ఆల్డర్న్‌లో ఆయనకు లొంగిపోయాడు. బ్రూస్ అతని తల తీయలేదు. భూములు తిరిగి ఇచ్చి, తన మరో చెల్లెలు మాడ్‌ను విలియం కొడుకు హ్యూకు ఇచ్చి పెళ్ళి చేశాడు.

ఒక్కసారి మాడ్ స్థానంలో నిలబడండి. తోబుట్టువును బోనులోకి పంపిన మనిషి ఇప్పుడు మామగారు. ఆ ఇంటి బల్ల దగ్గర రోజూ కూర్చుని రొట్టె తుంచాలి. హ్యూ వైపు నుంచీ చూడండి. తండ్రి చేసిన పనికి ఈమె కళ్ళలోకి రోజూ చూడవలసినవాడు అతను. ఆమె రాజుగారి చెల్లెలు కాబట్టి, ఇంట్లో మాట్లాడే ప్రతి మాటా రాజు చెవిన పడుతుందేమోనన్న భయం వేరే. వాళ్ళిద్దరి మధ్య ఏం నడిచిందో చరిత్ర రాసిపెట్టలేదు. నవలాకారుడికి అంతకన్నా వరం ఏముంది? నిజం మనుషులను వాడడానికి జంకితే పేర్లు మార్చి, ఒక చిన్న ప్రభువు ఇంటిని కల్పించుకోండి. ఈ బిగువును మాత్రం వదలకండి.

మొదటి అధ్యాయానికి ముందే ఒప్పందపత్రం రాయండి

చాలామంది ఈ పని చెయ్యరు, అందుకే మధ్యలో కథ కుంటుతుంది. పెళ్ళి షరతులు ఒక కాగితం మీద నిజంగానే రాయండి. ఆ కాలపు చట్టం మీ నాయికానాయకులిద్దరి చేతికీ ఆయుధాలిస్తుంది.

వధువు తరఫున వచ్చే సొమ్మునూ భూమినీ స్కాట్లండులో టోఖర్ అనేవారు. మన కట్నమే అనుకోండి. భర్త పోతే అతని భూముల్లో మూడో వంతు మీద వచ్చే ఆదాయం బతికినంత కాలం భార్యదే. దాన్ని టెర్స్ అనేవారు. పెళ్ళయినా స్త్రీ పుట్టింటి ఇంటిపేరు మార్చుకోనక్కరలేదు. తండ్రి లేని వారసురాలి పెళ్ళి నిర్ణయించే హక్కు ఆమె పై ప్రభువుదో రాజుదో అయ్యేది. ఆ హక్కును అమ్ముకునేవారు కూడా.

ఇంకో మెలిక ఉంది. చర్చి చట్టం ప్రకారం ఇద్దరి సమ్మతి లేకుండా వివాహం చెల్లదు. ఆడపిల్లకు 12, మగపిల్లవాడికి 14 ఏళ్ళు నిండితే ఆ సమ్మతి చెల్లేది. అది ఆనాటి చట్టం, మీ నాయికకు పాతికేళ్ళు పెట్టండి. బలవంతం ఎంత ఉన్నా, చర్చి గుమ్మం ముందు ఆమె నోటి నుంచి మాట రావాలి. రాజు ఆజ్ఞ ఒకవైపు, ఆ ఒక్క మాట ఒకవైపు. ఆ క్షణాన్ని రెండు వాక్యాల్లో దాటేయకండి.

మనవాళ్ళు తప్పకుండా తడబడే చోటు ఒకటి చెప్పాలి. మనకు మేనరికం సహజం, బావామరదళ్ళ సరసం కథకు అందం. అక్కడ అది నిషేధం. 1215లో చర్చి పెద్దలు జరిపిన లాటెరన్ మహాసభ తర్వాత కూడా నాలుగు తరాల లోపు చుట్టరికం ఉంటే పెళ్ళి చెల్లదు. ముత్తాతకు తండ్రి ఒకడే అయినా చాలు, పోప్ దగ్గర మినహాయింపు తెచ్చుకోవాలి. ప్రభువుల కుటుంబాలన్నీ అప్పటికే ఒకదానితో ఒకటి అల్లుకుపోయి ఉన్నాయి కాబట్టి ఈ గండం దాదాపు అందరికీ ఉండేది. కథలో దీని విలువ ఊహించండి. మొదట్లో ఆ పెళ్ళి రద్దయితే బాగుండునని ఇద్దరూ రహస్యంగా వంశవృక్షాలు వెతుకుతారు. చివరికొచ్చేసరికి ఎవరో శత్రువు ఆ వంశవృక్షాన్ని బయటపెడతాడేమోనని వణుకుతారు.

షరతులు ఇలా ఉండవచ్చు. ఆమె కోరేవి: తన తండ్రి మనుషుల్లో ఎవరినీ ఉరితీయకూడదు, పిండిమర మీది ఆదాయం తనదే, గిడ్డంగి తాళాలు తన నడుముకే. అతను కోరేవి: కోట ద్వారం దగ్గర తన కాపలా, ఆమె తమ్ముడు తన దగ్గర పెరగాలి. పెంపకం పేరుతో బందీ అన్నమాట. ఒక్కో షరతు ఒక్కో గొడవ, ఒక్కో గొడవ ఒక అధ్యాయం.

మొండితనం అంటే అరుపులు కాదు

పాత్రలు వస్తువులు విసురుకుంటే, చెంపదెబ్బలు కొట్టుకుంటే అది గడుసుతనం కాదు, గోల. పొగరుబోతు పిల్లను మగవాడు దారిలో పెట్టడమనే పాత సినిమా సూత్రం కూడా వద్దు. దారిలో పడవలసిన పని ఇద్దరికీ సమానంగా ఉండాలి.

గట్టి మనిషి ఎలా ఉంటుందో 1338లో డన్బార్ కోట చూసింది. భర్త ఊళ్ళో లేనప్పుడు ఇంగ్లీషు సైన్యం ముట్టడిస్తే, బ్లాక్ ఆగ్నెస్ అని పేరుపడ్డ ఆ ఇల్లాలు దాదాపు ఐదు నెలలు కోట నిలబెట్టింది. యంత్రాలతో రాళ్ళు విసిరినప్పుడల్లా పరిచారికలను గోడలెక్కించి, దెబ్బ తగిలిన చోట దుమ్ము గుడ్డతో తుడిపించిందట. ఒక్క మాట అనకుండా ఎదుటివాణ్ణి ఏడిపించడమంటే అది. మీ నాయికకు ఇలాంటి చేష్టలు మూడు నాలుగు ఆలోచించండి, సంభాషణలు తర్వాత చూసుకోవచ్చు.

బట్ట, తిండి, వెలుతురు

గళ్ళ కిల్టు కట్టిన వీరుడు ముఖచిత్రానికి బాగుంటాడు కానీ 1310లో లేడు. ఒంటికి చుట్టుకునే పెద్ద కిల్టు కనిపించేది 16వ శతాబ్దం చివర్లో. వంశానికో గళ్ళ నమూనా అన్న పద్ధతి బలపడింది 1822లో నాలుగవ జార్జ్ ఎడింబరో వచ్చిన తర్వాత. మీ హైలాండర్‌కు, అంటే ఉత్తరపు కొండసీమ మనిషికి, కుంకుమపువ్వు రంగు నార చొక్కా తొడిగి, పైన ఉన్ని దుప్పటి కప్పండి. యుద్ధానికైతే దూది కుక్కి కుట్టిన దళసరి అంగీ.

విస్కీ గుక్కలు తగ్గించండి. స్కాట్లండు లెక్కల పుస్తకాల్లో ఆ మద్యం తొలిసారి కనిపించేది 1494లో. ఏల్ అనే బీరు పోయండి, ప్రభువు ఇంట్లో ఫ్రెంచి ద్రాక్షసారా పోయండి. ఓట్స్ ధాన్యపు రొట్టె, బార్లీ జావ, సాల్మన్, హెరింగ్ చేపలు చాలు. కొత్త పెళ్ళికూతురి మీద మొదటి రాత్రి ప్రభువుకే హక్కన్న కథ 16వ శతాబ్దపు చరిత్రకారుడు ప్రచారంలో పెట్టిన కట్టుకథ. చేతిలో చెయ్యి వేసి మాట ఇచ్చుకుని ఏడాది పైన ఒక రోజు కాపురం చేసి నచ్చకపోతే విడిపోవడమన్నదీ తర్వాతి కాలపు ముచ్చటే.

వెలుతురును మాత్రం బాగా వాడుకోండి. ఉత్తర స్కాట్లండులో డిసెంబరులో పగలు ఆరేడు గంటలే. జూన్‌లో అర్ధరాత్రి దాకా ఆకాశం పూర్తిగా నల్లబడదు. పడని ఇద్దరిని చలికాలమంతా ఒకే పొయ్యి ఉన్న హాలులో కూర్చోబెడితే మీరు వేరే ఎత్తు వేయనక్కరలేదు.

మీరు నుంచి నువ్వుకు

తెలుగులో రాసేవారి చేతిలో ఉన్న పెద్ద సాధనం ఇది. నేటి ఇంగ్లీషు నవలకు ఉన్నది ఒకే సర్వనామం. మనకు రెండున్నాయి. ఆ ప్రభువుల ఇళ్ళలో నడిచిన ఫ్రెంచిలోనూ రెండున్నాయి కనుక ఇది కాలానికి అతుకుతుంది.

ఇద్దరినీ "మీరు" దగ్గర మొదలుపెట్టండి, అదీ కత్తిలాంటి "మీరు". కోపంలో ఒకసారి "నువ్వు" దొర్లాలి, అవమానంగా. ఆ వెంటనే ఇద్దరూ మళ్ళీ "మీరు"లోకి వెళ్ళి తలుపు మూసుకోవాలి. మరో వంద పేజీల తర్వాత అదే "నువ్వు" ఇంకోలా వినిపించాలి. మార్పు జరిగిందని కథకుడు చెప్పకూడదు, పాఠకులు పట్టుకుంటారు.

"ఏవండీ" పూర్తిగా మానండి. ఆ ఒక్క పిలుపుతో కోట కాస్తా మండువా లోగిలి అయిపోతుంది. "ప్రభూ" అంటే పౌరాణిక నాటకం. స్కాట్లండులో భూస్వామిని అతని భూమి పేరుతో పిలవడం వాడుక, రాస్ ప్రభువు ఉట్టి "రాస్" అవుతాడు. కామిన్ పక్షం వాళ్ళ భూములు జప్తయి బ్రూస్ మనుషులకు దక్కాయి. నాయిక తండ్రి భూమి అలా మీ నాయకుడికి దక్కిందనుకోండి. అతన్ని ఇప్పుడు ఊరంతా పిలుస్తున్నది ఆమె తండ్రిని పిలిచిన పేరుతోనే. ఆమె ఆ పేరు పలకదు. "మీరు" అంటుంది, "ఆయన" అంటుంది, పేరు రానివ్వదు. ఎంతకాలం రానివ్వదో మీ ఇష్టం.

హైలాండ్స్‌లో గేలిక్, దక్షిణాన ఇంగ్లిస్ అనే వాళ్ళ యాస భాష, పత్రాల్లో లాటిన్. భార్యాభర్తలకు ఉమ్మడి భాష సరిగా లేకపోవడం కూడా సాధ్యమే. గేలిక్ మాటలు ముచ్చటగా రెండో మూడో వాడండి చాలు. హైలాండ్స్ పాత్రకు తెలంగాణ మాండలికం, దక్షిణం పాత్రకు కోస్తా మాండలికం పెడదామని ఒకప్పుడు అనుకున్నాను. ఒక పేజీ రాసి చింపేశాను.

తాళాల గుత్తి

మలుపు ఎలా రాయాలో తెలియక అందరూ నాయకుడికి ఒక గాయం చేసి నాయిక చేత కట్టు కట్టిస్తారు. అంతకన్నా మంచిది 1404లో జరిగింది. మార్ సంస్థానపు వారసురాలు ఇసబెల్ డగ్లస్ భర్త అప్పటికే చెరలో చనిపోయాడు. ఎల్గిన్ కతీడ్రల్‌ను తగలబెట్టిన ప్రభువు కొడుకు అలెగ్జాండర్ స్టూవర్ట్ ఆమె కిల్‌డ్రమ్మీ కోటను పట్టుకున్నాడు. ఆస్తి అంతా తనకు రాసిచ్చే పత్రం మీద ఆగస్టులో ఆమె చేత ముద్ర వేయించుకున్నాడు. బలవంతమన్నది లోకానికి తెలిసిన రహస్యం. ఆ తర్వాత అతనే పదిమంది ఎదుట కోట గుమ్మం బయట నిలబడి, కోటనూ పత్రాలనూ తాళాలనూ ఆమె చేతికి తిరిగి ఇచ్చాడు. ఆమె ఆ తాళాలు పట్టుకుని, తన ఇష్టంతోనే ఇతన్ని భర్తగా ఎంచుకుంటున్నానని చెప్పింది.

చట్టం కోసం ఆడిన నాటకమే కావచ్చు. కానీ తాళాలు చేతికొచ్చిన ఆ కాస్త సేపు ఆమె గేటు మూసేయగలిగేది. మీ కథ మలుపు అలాంటి చోట ఉండాలి: ఇద్దరిలో ఒకరికి నిజంగా తప్పించుకునే దారి దొరికి, ఎదుటివారికి ఆపే శక్తి లేని చోట. దగ్గరితనపు సన్నివేశాలు దాని తర్వాతే రాయండి. దానికి ముందు రాసినవి ఎంత అందంగా ఉన్నా ముల్లు గుచ్చుకుంటూనే ఉంటాయి.

చివరి అధ్యాయం మొదలుపెట్టే ముందు మీరు రాసిపెట్టుకున్న ఒప్పందపత్రం బయటికి తీయండి. కలం పట్టుకుని ఒక్కో షరతు చదవండి. ద్వారం దగ్గర కాపలాను అతను ఎప్పుడు తీసేశాడు? తమ్ముడు ఇంటికి వెళ్ళిపోవచ్చని తెలిశాక కూడా ఎందుకు ఉండిపోయాడు? ఏ షరతును ఎవరు అడగకుండానే కొట్టేశారో గుర్తు పెట్టండి. కొట్టేయనిది ఒక్కటి మిగలనివ్వండి, మర ఆదాయం లాంటిది. దాని మీద ఆ ముసలి దంపతులు ఇంకా పోట్లాడుకుంటూనే ఉంటారు.