చిన్నప్పటి గాయం మానాలంటే ముందు ఒళ్ళు కుదుటపడాలి

చిన్నతనంలో ఇంట్లోనో హాస్టల్లోనో చావుదెబ్బలు తిన్నవాళ్ళు, అయినవాళ్ళ చేతిలోనే లైంగిక హింసకు గురైనవాళ్ళు చాలామంది చికిత్స మొదటి రోజే జరిగిందంతా తవ్విపోసుకుంటారు. దాంతో కొందరికి నిద్ర చెడుతుంది, పీడకలలు పెరుగుతాయి, భయపడి చికిత్సే మానేస్తారు. గతం జోలికి వెళ్ళేముందు కొన్ని వారాలు ఒంటిని కుదుటపరుచుకోవాలి.

4 అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చి, 6 అంకెలు లెక్కపెడుతూ వదలండి. పొద్దున 5 నిమిషాలు, రాత్రి 5 నిమిషాలు. వదిలే ఊపిరి పొడుగైతే గుండె వేగం తగ్గుతుంది. మనసు మామూలుగా ఉన్నప్పుడు అలవాటు చేసుకుంటేనే భయం ముంచుకొచ్చినప్పుడు అక్కరకొస్తుంది. కొందరికి కళ్ళు మూసుకుని ఊపిరిని గమనిస్తే భయం ఇంకా ఎక్కువవుతుంది. వాళ్ళు కళ్ళు తెరిచే ఉంచి, పాదాలు నేలకి ఆనించి, ఎదురుగా కనిపించే 5 వస్తువుల పేర్లు పైకి అనాలి. ఇవాళ్టి తేదీ, ఉన్న ఊరు, తన వయసు కూడా చెప్పుకోవాలి. ఆ జ్ఞాపకం ఇప్పుడే జరుగుతున్నట్టు తోస్తుంది గనక ఇది అవసరం.

మన దగ్గర అసలు చిక్కు పెళ్ళిళ్ళు, పేరంటాలు. హాని చేసిన బంధువు అక్కడే ఉంటాడు, "పెద్దాయన, కాళ్ళకి దండం పెట్టు" అంటారు. పెట్టనక్కర్లేదు. దూరం నుంచే నమస్కారం చేసి పక్కకి వెళ్ళండి. అసలు వెళ్ళకపోయినా తప్పులేదు. వెళ్తే ముహూర్తానికి వచ్చి, భోంచేసి బయల్దేరండి. మీ బండి మీద మీరే వెళ్ళండి. విషయం తెలిసిన ఒక మనిషిని పక్కనే ఉండమని ముందే అడగండి. మండపంలోనే అతన్ని నిలదీయాలనిపిస్తుంది. ఆ తొందర వద్దు, చుట్టాలంతా నోరు మూయిస్తే పాత గాయం మళ్ళీ రేగుతుంది.

గుంటూరులో తెలిసినవాళ్ళ కంటపడతామన్న బెరుకుంటే విజయవాడలో చూపించుకోండి, అక్కడివాళ్ళు ఇటు రావచ్చు. మధ్యలో మంగళగిరి ఎయిమ్స్ ఉంది. రెండు ఊళ్ళ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లోనూ మానసిక వైద్య విభాగాలున్నాయి. క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి వెళ్తే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉందా, ఇలాంటి మానసిక గాయానికి (ట్రామా) చేసే సీబీటీలోగానీ (ఆలోచనల తీరుని, ప్రవర్తనని మార్చే మాటల చికిత్స) ఈఎండీఆర్‌లోగానీ (కళ్ళు అటూ ఇటూ కదిలిస్తూ జ్ఞాపకం బరువు తగ్గించే చికిత్స) శిక్షణ ఉందా అని మొహమాటం లేకుండా అడగండి. మొదటి రోజే అన్నీ చెప్పమంటే "ఇవాళ కాదు" అనే హక్కు మీకుంది. మీ వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది.

డాక్టరు దిగులు, ఆందోళన తగ్గించే సెర్ట్రలైన్ లాంటి మందు రాస్తే గుణం తెలియడానికి 4 నుంచి 6 వారాలు పట్టొచ్చు. పది రోజులకే పనిచేయలేదని ఆపేస్తారు, అదే నష్టం. ఒక్కసారిగా ఆపితే తలతిరుగుడు, చిరాకు రావచ్చు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ఆల్ప్రజోలం (ఆందోళన తగ్గించి మత్తుగా ఉంచే మాత్ర) మాత్రం వద్దే వద్దు. అలవాటు పడిపోతారు, గాయం అలాగే ఉంటుంది.

సెషన్ అయ్యాక ఒకటి రెండు రోజులు మనసు బరువుగా ఉండటం మామూలే. ఆ మర్నాడు ముఖ్యమైన పనులు పెట్టుకోకండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి, 14416 నంబరుకి, ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. మీకు హాని చేసిన మనిషి వల్ల ఇప్పుడు ఇంకో బిడ్డకి ప్రమాదం ఉందని తెలిస్తే మీరు కోలుకునేదాకా ఆగొద్దు, వెంటనే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి.