నవల చిత్తుప్రతి దిద్దుకోవడం: సమస్యలు - పరిష్కారాలు

చిత్తుప్రతి పూర్తయ్యాక మూడు నాలుగు వారాలు దాని జోలికి పోకండి. తర్వాత తెరిచినప్పుడైనా మొదటి పేజీ నుంచి అచ్చుతప్పులు దిద్దుకుంటూ రావద్దు. బాగా చెక్కిన వాక్యాన్ని కొట్టేయడానికి చెయ్యి రాదు, ఆ అధ్యాయం మొత్తం అనవసరమని తేలినా సరే. ముందు కథ, తర్వాత సన్నివేశాలు, ఆ తర్వాతే వాక్యాలు.

సమస్య: మధ్య అధ్యాయాలు సాగుతున్నాయి

విసుగు పుట్టిన చోటే తప్పు ఉందనుకోకండి. చాలాసార్లు అది రెండు మూడు అధ్యాయాల ముందు ఉంటుంది: పేజీ తిప్పించే ప్రశ్న అక్కడ తేలిపోయి ఉంటుంది, దాని స్థానంలో కొత్తది పుట్టి ఉండదు.

పట్టిక వేయండి. సన్నివేశానికో వరుస, వరుసకు ఐదు గళ్లు: ఎవరి కోణం, ఆ మనిషికి ఏం కావాలి, ఏది అడ్డు, చివరికి ఏం మారింది, ఏ రోజు. నాలుగో గడి నిండకపోతే ఆ సన్నివేశం తీసేయాల్సిందే. 'పాత్ర పరిచయం కోసం' అని నింపినా ఖాళీ కిందే లెక్క. అందులో అవసరమైన విషయం ఉంటే రెండు వాక్యాల్లో పక్క సన్నివేశంలోకి చేర్చండి. తీసేసినవన్నీ వేరే ఫైల్లో దాచుకుంటే కోతకు ధైర్యం వస్తుంది. వయసులు, వారాలు, గర్భిణి నెలలు తప్పిన చోట్లు ఐదో గడిలో బయటపడతాయి.

సమస్య: అందరూ ఒకేలా మాట్లాడుతున్నారు

ఒక్క పాత్ర మాటలే కాపీ చేసి, వరసగా పైకి చదవండి. రచయిత గొంతు ఎక్కడ దూరిందో చెవికి తెలిసిపోతుంది. పిలుపులు కూడా అక్కడే సరిచూడండి. ఒకరినొకరు 'మీరు' అనుకునేవాళ్లు 'నువ్వు'లోకి దిగడం కథలో ఒక సంఘటన. అది మీకు తెలియకుండా జరగకూడదు.

సమస్య: ఉద్వేగం ఉండాల్సిన చోట చప్పగా ఉంది

'సుజాతకు చాలా భయమేసింది. ఆమె ముఖం పాలిపోయింది.' ఇందులో తప్పులు రెండు. భావానికి పేరు పెట్టేశారు. పైగా సన్నివేశం సుజాత కోణంలో నడుస్తుంటే తన ముఖం తనకు కనిపించదు. 'తాళంచెవి రంధ్రంలోకి దూరడం లేదు. సుజాత రెండో చెయ్యి కూడా సాయం పట్టింది' అంటే భయం మాటే అక్కర్లేదు. అయితే ప్రతిచోటా ఇలా చేస్తే నవల నత్తనడక నడుస్తుంది. ముఖ్యం కాని చోట 'భయమేసింది' అని ముందుకు వెళ్లిపోండి.

సమస్య: ఒకే మాట పదేపదే వస్తోంది, వెతికితే అన్నీ దొరకవు

తెలుగులో మాట రూపం మారుతూ పోతుంది. 'నవ్వు' అని వెతికితే 'నవ్వాడు', 'నవ్వింది', 'నవ్వి' దొరకవు. 'కళ్లు', 'కళ్ళు' రెండూ వాడి ఉంటే ఒకటి ఖాయం చేసుకోండి. 'ఆఫీస్‌లో' లాంటి మాటల మధ్య కంటికి కనబడని అక్షరం ఉంటుంది; అది లేకుండా టైపు చేసి వెతికితే దొరక్కపోవచ్చు. ప్రతిలోంచే మాటను కాపీ చేసి వెతకడం మేలు.

పాత్ర పేరు మార్చేటప్పుడు 'అన్నీ మార్చు' మీట నొక్కవద్దు. 'రవి'ని 'మధు' చేస్తే 'రవిక' కాస్తా 'మధుక' అవుతుంది, అరవింద్ 'అమధుంద్' అవుతాడు. 'రవిని' ఉన్నచోట 'మధును' రావాలి, 'మధుని' వచ్చి కూర్చుంటుంది. ఒక్కొక్కటీ చూసి మార్చండి.