చేపలకి బ్యాక్టీరియా జబ్బు అనుమానం వస్తే మొదటి రెండు రోజులు ఏం చేయాలి

మన కైకలూరు, ఆకివీడు వైపు చెరువులో మేతగా సంచుల్లో తవుడు కట్టేవాళ్ళకి జబ్బు ముందు సంచిలోనే తెలుస్తుంది అండి. పొద్దున కట్టిన మేత మధ్యాహ్నం దాటినా అలాగే బరువుగా వేలాడుతుంటే ఏదో తేడా కొట్టినట్టే, చేప తేలేదాకా ఆగొద్దు.

ముందు అది జబ్బా నీళ్ళ సమస్యా చూసుకోండి. తెల్లారుజామున నోళ్ళు తెరుచుకుని పైకొచ్చి ఎండెక్కాక సర్దుకుంటే ఆక్సిజన్ లోటు. రాత్రికి రాత్రి కుప్పలుగా పోయినా ఎక్కువసార్లు నీళ్ళదే తప్పు. ఇవాళ నాలుగు, రేపు పది, ఎల్లుండి పాతిక అలా పెరుగుతూ పోతుంటే బ్యాక్టీరియా మీద అనుమానం పెట్టుకోవచ్చు.

విసురు వల వేసి గట్టు పక్కన మందకొడిగా తిరిగే చేపల్ని ఐదారు పట్టండి. రెక్కల మొదట్లో ఎరుపు, ఒంటి మీద పుండ్లు, పొట్ట ఉబ్బి పొలుసులు లేవడం ఉంటే ఎక్కువగా ఏరోమోనాస్ అనే బ్యాక్టీరియా. మొప్పలు పసుపు తిరిగి కుళ్ళి, వీపు మీద జీను వేసినట్టు తెల్లమచ్చ ఉంటే కాలమ్నారిస్, దీన్ని చాలామంది బూజు అనుకుంటారు. తిలాపియా కళ్ళు ఉబ్బి గిరగిరా తిరుగుతుంటే స్ట్రెప్టోకోకస్. పంగస్ (పంగాసియస్ చేప) అయితే పైకి ఏమీ కనపడకపోవచ్చు, కోసి చూడాల్సిందే, కిడ్నీ, కాలేయం మీద తెల్లచుక్కలుంటే ఎడ్వర్డ్‌సియెల్లా అనుమానించాలి, వియత్నాం పంగస్ రైతుల్ని ఏడిపించింది ఇదే జాతిది. ఏదైనా సరే కంటితో చూసి ఖాయం చేసుకోవద్దు.

పొలుసుల మధ్య పేను ఉందేమో తప్పకుండా చూడండి. నేను దెబ్బతిన్నది ఇక్కడే, శీలావతికి ఎర్రమచ్చలని రెండు కోర్సులు యాంటీబయాటిక్ వాడాను, తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది, పేను కుట్టిన గాయంలోంచి బ్యాక్టీరియా దూరుతుంటే మందు ఎన్నిసార్లు పోస్తే ఏం లాభం.

ల్యాబుకి చచ్చిన చేప తీసుకెళ్ళకండి, అందులో కుళ్ళబెట్టే బ్యాక్టీరియానే కనపడుతుంది. చావబోయే చేపల్ని ఆక్సిజన్ కవర్లో ప్రాణంతో, కుదరకపోతే కవర్లో పెట్టి చుట్టూ ఐస్ వేసి, అదే రోజు చేర్చండి. ఫ్రీజర్లో పెట్టొద్దు. కల్చర్ పెట్టి (బ్యాక్టీరియాని పెంచి) సెన్సిటివిటీ టెస్ట్, అంటే ఏ మందు దాని మీద పనిచేస్తుందో చూసే పరీక్ష, చేయమని నోరు తెరిచి అడగండి, రెండు మూడు రోజులు పడుతుంది.

ఈలోపు మేత తగ్గించి, నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్లు తిప్పి, వీలైతే కొంత నీళ్ళు మార్చండి. చచ్చినవి రోజూ ఏరి సున్నం వేసి పూడ్చండి, పంట కాలువలో పడేస్తే పక్క చెరువుకి మీరే పంపినట్టు. అమోనియా ఎక్కువుంటే సున్నం చల్లకండి, పీహెచ్ పెరిగి అమోనియా ఇంకా విషమవుతుంది. క్రిములు చావడానికి పొటాషియం పర్మాంగనేట్ వేసేవాళ్ళకి లెక్క: ఎకరం చెరువులో మీటరు లోతు నీళ్ళుంటే 1 పీపీఎంకి (పది లక్షల వంతుల నీళ్ళకి ఒక వంతు మందు) సుమారు 4 కిలోలు. అడుగున మడ్డి ఎక్కువుంటే పనిచేయకముందే ఖర్చయిపోతుంది, పైగా నాచు చచ్చి ఆక్సిజన్ పడిపోవచ్చు, కాబట్టి ఏరియేటర్ లేకుండా దాని జోలికి పోవద్దు.

యాంటీబయాటిక్ వాడాల్సివస్తే ల్యాబు రిపోర్టులో పనిచేస్తుందన్నదే, వాళ్ళు చెప్పిన డోసులోనే, చెప్పినన్ని రోజులూ వాడండి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు నిషేధం, ఎవడు చవగ్గా ఇచ్చినా తీసుకోకండి. తవుడులో ఊరికే కలిపి సంచి కట్టేస్తే సగం మందు నీళ్ళలో కరిగిపోతుంది, బైండర్‌తోనో (మందుని మేతకి అంటించే జిగురు) నూనెతోనో పెల్లెట్ మేతకి పట్టించండి. అసలు మేత మానేసిన చేపకి ఆ మందు అందదు, అందుకే మొదటి రోజే కదలమనేది. కోర్సయ్యాక ఎన్ని రోజులకి పట్టుబడి చేయొచ్చో కూడా అడిగి రాసుకోండి.

వల, టబ్బులు బ్లీచింగ్ నీళ్ళలో ముంచి ఎండలో ఆరబెట్టాకే ఇంకో చెరువులో దించండి. చేతికి గాయం ఉంటే మాత్రం జబ్బు చేపని గ్లౌజు లేకుండా పట్టుకోకండి బాబూ, ఏరోమోనాస్ మనిషి పుండులోకి కూడా దూరుతుంది.