నాణెం మీద మచ్చ కనబడిందా? చింతపండు జోలికి వెళ్లకండి

ఎంవీపీ కాలనీలో మా ఇల్లు సముద్రానికి దగ్గర. కిటికీ గ్రిల్స్‌కి ఎన్నిసార్లు రంగు వేయించినా ఉప్పుగాలికి తుప్పు పడుతూనే ఉంటుంది, ఇక బీరువాలో పెట్టిన పాత నాణేల సంగతి చెప్పాలా? విశాఖలో ఉంటూ నాణేలు దాచుకునేవాళ్లు మచ్చలతో వేగక తప్పదు.

మచ్చ చూడగానే తోమేయాలనిపిస్తుంది, తోమకండి. మా అమ్మమ్మ ఇచ్చిన 1862 విక్టోరియా రూపాయిని ఒక దీపావళికి ఇత్తడి కుందులతో పాటు చింతపండు, ముగ్గుపిండి వేసి తోమేశారు మా ఇంట్లో. తళతళా మెరిసింది. కానీ భూతద్దం కింద పెడితే రాణి చెంప నిండా వెంట్రుకల్లాంటి గీతలే, అవి ఇక ఎప్పటికీ పోవు, దాని ధర కూడా అక్కడే పడిపోయింది.

కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: మచ్చ నాణెం పైన అంటుకుందా, లేక లోహమే రంగు మారిందా? అంటుకున్నదైతే తీయొచ్చు. లోహమే మారితే, అంటే వెండి గాలిలోని గంధకంతో కలిసి నల్లబడటం, రాగి గోధుమరంగుకి తిరగడం లాంటివైతే, వదిలేయండి. ఆ పాతరంగే నాణేనికి అందం, పైగా దాన్ని కాపాడే పొర కూడా అదే. బేకింగ్ సోడా, అల్యూమినియం ఫాయిల్‌తో వెండి తెల్లబడే వీడియోలు చూసి మోసపోవద్దు, నలుపు పోతుంది గానీ నాణెం జీవం లేకుండా పాలిపోతుంది.

మన ఇళ్లలో వెండి రూపాయలకి ఉండే మచ్చ వేరు. లక్ష్మీపూజలో పెట్టినవి కదా, అక్షరాల సందుల్లో పసుపు పట్టేసి ఉంటుంది. పసుపులోని రంగు నీళ్లకి సరిగ్గా కరగదు, అసిటోన్ అనే ద్రావకానికి కరుగుతుంది. ముందు డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి దుమ్ము వదిలించండి, ఆరాక గాజు గిన్నెలో స్వచ్ఛమైన అసిటోన్ పోసి కాసేపు ముంచండి, మళ్లీ కొత్త అసిటోన్‌లో ఒకసారి కడిగి దానంతటదే ఆరనివ్వండి. గుడ్డతో తుడవొద్దు. నెయిల్ పాలిష్ రిమూవర్ పనికిరాదు, అందులో సెంటు, నూనెలు కలుపుతారు. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది కాబట్టి దీపం, పొయ్యి దగ్గర వద్దు, కిటికీలు తీసి చేయండి.

మెత్తటి ప్లాస్టిక్ జేబుల ఆల్బమ్‌లో పెట్టిన నాణేల మీద ఆకుపచ్చ జిగురు వస్తే అది ఆ ప్లాస్టిక్‌లోని పీవీసీ పని. నా 1982 ఆసియా క్రీడల 2 రూపాయల నాణేనికి అలాగే వచ్చింది, వేలితో ముడితే బంకలా సాగింది. దానికీ అసిటోనే మందు, ఆ తర్వాత ఆ ఆల్బమ్ పారేయాలి.

అసలు భయపడాల్సింది రాగి, కంచు నాణేల మీద లేత ఆకుపచ్చ పొడి చూసి. గట్టిగా, నున్నగా ఉన్న చిలుముతో ప్రమాదం తక్కువ. పొడిపొడిగా రాలుతూ, దులిపినా నాలుగు రోజుల్లో మళ్లీ పుడుతుంటే మాత్రం లోపల ఉప్పు చేరినట్టే. ఆ ఉప్పులోని క్లోరైడ్ తేమతో కలిసి రాగిని తింటూ పోతుంది. మా చిల్లు కానీల్లో, అంటే 1943 నుంచి 1947 దాకా వచ్చిన కంచు పైసల్లో, ఒకదానికి ఇది పట్టింది. వెంటనే దాన్ని వేరు చేసి, డిస్టిల్డ్ వాటర్ రోజూ మారుస్తూ వారాల తరబడి నానబెట్టి, పూర్తిగా ఆరబెట్టాను. ఇప్పటికీ నెలకోసారి భూతద్దంతో చూస్తుంటాను.

రాగి మీద గట్టిపడిన మట్టికైతే మెడికల్ షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్‌లో ఓపిగ్గా నాననిచ్చి, టూత్‌పిక్‌తో మెల్లగా లేపండి.

దాచేటప్పుడు అంచులే పట్టుకోండి. రబ్బరు బ్యాండ్లు, న్యూస్‌పేపరు చుట్టకండి. మూత బిగుతుగా ఉండే డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్, అదీ రంగు మారే రకం పెట్టి, దాని రంగు మారగానే మార్చండి, మన వానాకాలంలో అయితే ఇంకా తరచుగా చూసుకోవాలి.