పోపు పడకముందే చిలక వాటా తీసి పెట్టాలి

మా వంటింట్లో పొద్దున్న ఏడింటికల్లా పొయ్యి గట్టు మీదకు ఒక చిన్న స్టీలు గిన్నె వస్తుంది. ఆ రోజు కూరకు ఏది తరిగినా, ఉప్పు, కారం, నూనె తగలకముందే రెండు స్పూన్ల ముక్కలు అందులోకి తీసేస్తాను. అది బంగారి వాటా. బంగారి మా సన్ కన్యూర్ చిలక. పసుపు ఒళ్లు, నారింజ రంగు తల, రెక్కల చివర కాస్త ఆకుపచ్చ. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికాలో గయానా, ఉత్తర బ్రెజిల్ వైపు. అయినా దానికి కావలసిన తిండిలో చాలా భాగం మా తెనాలి కూరగాయల మార్కెట్లోనే దొరుకుతుందని నాకు అర్థం కావడానికి చాలా నెలలు పట్టింది.

ముందుగా ఒక మాట. మన తోటల్లో తిరిగే రామచిలుకను పట్టి పంజరంలో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అమ్మినా, కొన్నా నేరమే. కన్యూర్ లాంటి విదేశీ జాతులకైతే 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్రం వారి పరివేష్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ చేయించాలి. నేను రాసేది అలా చట్టబద్ధంగా ఇంట్లో ఉన్న చిలకల గురించే.

మూడేళ్ల క్రితం మా ఆడపడుచు కొడుకు పై చదువుకు విదేశం వెళ్తూ బంగారిని మాకు అప్పగించాడు. పంజరంతో పాటు రెండు కిలోల పొద్దుతిరుగుడు గింజల సంచి ఇచ్చి, "గిన్నె ఖాళీ కాకుండా చూసుకో అత్తా, ఇంకేం అక్కర్లేదు" అన్నాడు. ఆరు నెలలు నేను అక్షరాలా అదే చేశాను. ఈలోగా దాని ముక్కు పెరిగి కొక్కెంలా వంగింది. ఈకల మెరుపు పోయింది. పొద్దస్తమానం తుమ్ములు. విజయవాడలో పక్షులను చూసే డాక్టరు దగ్గరకు తీసుకెళ్తే, ఆయన ముందు కాటా మీద నిలబెట్టారు. 134 గ్రాములు. "దీనికి 110, 115 ఉంటే చాలమ్మా" అన్నారు. రక్తపరీక్ష చూశాక కాలేయానికి కొవ్వు పడుతోందని చెప్పారు. "రోజూ మూడు పూటలా వేయించిన జీడిపప్పు తప్ప ఇంకేమీ తినని మనిషిని ఊహించుకోండి" అన్నారు. ఆ మాట నాలో ఉండిపోయింది.

పొద్దుతిరుగుడు పప్పులో దగ్గర దగ్గర సగం కొవ్వే. విటమిన్ ఎ దాదాపు ఉండదు, కాల్షియం తక్కువ. అడవిలో చిలక తిండి కోసం మైళ్లకు మైళ్లు ఎగురుతుంది. పంజరంలో గిన్నె పక్కనే కూర్చుని తింటుంది. విటమిన్ ఎ లేకపోతే మొదట దెబ్బతినేది ముక్కు రంధ్రాలు, నోరు, గొంతు లోపలి పొరలు. బంగారి తుమ్ములకు కారణం అదే.

ఇంటికి రాగానే నేను చేసిన తప్పు మీరు చేయకండి. గింజల గిన్నె ఆ రోజే తీసేసి, క్యారెట్ తురుము పెట్టాను. ఆకలేస్తే అదే తింటుందనుకున్నాను. తినలేదు. చిలకకు అలవాటు లేని వస్తువు తిండిలా కనిపించదు, పక్కన పెట్టుకుని పస్తుంటుంది. రెండు రోజుల్లో తొమ్మిది గ్రాములు తగ్గింది. భయపడి డాక్టరుకు ఫోన్ చేస్తే వెంటనే గింజలు పెట్టమన్నారు. తిండి మార్పు వారాల మీద జరగాలి. పొద్దున్న ఆకలి మీద ఉన్నప్పుడు ముందు కూరగాయలు పెట్టి, గంటా రెండు గంటల తర్వాత గింజలు పెట్టండి. గింజల కొలత వారానికి కొంచెం చొప్పున తగ్గించండి. కూరగాయ ముక్కల్లో నాలుగు గింజలు కలిపితే వాటిని ఏరుకుంటూ ముక్కలూ కొరుకుతుంది. అన్నిటికంటే బాగా పనిచేసింది, దాని ఎదురుగా కూర్చుని నేను తినడం. చిలకలు గుంపుగా తినే పక్షులు. నేను కుట్టుమిషన్ దగ్గర కూర్చుని బీన్స్ ముక్క కరకరలాడించి తింటుంటే, పదకొండో రోజున మెడ చాచి నా చేతిలోది లాక్కుంది. మొత్తం అలవాటు కావడానికి పది వారాలు పట్టింది.

ఈ పది వారాలూ గ్రాముల ఎలక్ట్రానిక్ కాటా మీ దగ్గర ఉండి తీరాలి. రోజూ పొద్దున్నే, రెట్ట వేశాక, తిండికి ముందు తూచి పుస్తకంలో రాయండి. పదో వంతు బరువు తగ్గిందంటే, అంటే 110 గ్రాముల పిట్ట 99కి వచ్చిందంటే, ఇక ఇంట్లో ప్రయత్నాలు ఆపి డాక్టరు దగ్గరకు వెళ్లాలి. ఇంకొకటి: గిన్నె నిండుగా కనిపించినా నమ్మకండి. చిలక గింజ ఒలుచుకుని పొట్టు అందులోనే వదులుతుంది. ఊదితే ఎగిరిపోయేదంతా పొట్టే.

ఇక పొద్దుటి గిన్నెలోకి ఏం వెళ్తుందంటే, నారింజ రంగుదీ ఆకుకూరదీ ఒక్కొక్కటి తప్పనిసరి. క్యారెట్, గుమ్మడికాయ, ఉడికించిన చిలగడదుంప, ఎర్ర క్యాప్సికం, వీటిలో ఏదో ఒకటి. ఆకుల్లో నా మొదటి ఓటు మునగాకుకే. విటమిన్ ఎ, కాల్షియం రెండూ దండిగా ఉంటాయి, వీధిలో ఎవరి పెరట్లోనైనా చెట్టు ఉంటుంది, మందు కొట్టే అవసరం రాదు. చిన్న రెమ్మను కడిగి, తడిగానే పంజరానికి క్లిప్పు పెట్టి వేలాడదీస్తాను. బంగారి ముందు ఆ తడి ఆకుల్లో దొర్లి స్నానం చేస్తుంది, తర్వాత తింటుంది. మెంతికూర, కొత్తిమీర, కరివేపాకు కూడా బాగుంటాయి. పాలకూర మాత్రం ఎప్పుడైనా ఒకసారి. అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. తోటకూరకూ ఇదే వర్తిస్తుంది. బీర, సొర, దోస, బీన్స్, మొక్కజొన్న పొత్తు ముక్క, ఇవన్నీ మార్చి మార్చి. బీట్‌రూట్ పెట్టిన రోజు రెట్ట ఎర్రగా వస్తే కంగారు పడొద్దు.

పండు మిరపకాయ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. గుంటూరు పక్కన ఉండి మిర్చి చెప్పకపోతే ఎలా. మనకు మంట పుట్టించే క్యాప్సైసిన్ పక్షుల నరాలకు తెలియదు. అసలు మిరప మొక్క తన గింజలను పక్షుల చేత దూరాలకు మోయించుకునేది అందుకే. ఎర్ర మిరపలో విటమిన్ ఎ పుష్కలం. వారానికి రెండు మూడుసార్లు ఒక పండు మిరపకాయ గింజలతో సహా ఇస్తాను. కానీ అది తిన్న గంట వరకు పిల్లల మొహం దగ్గరకు రానివ్వకండి, ఆ ముక్కు కంటికి తగిలితే మంట మామూలుగా ఉండదు.

గింజలు పూర్తిగా మానేయక్కర్లేదు, గింజ మారిస్తే చాలు. పెట్ షాపుల్లో ఖరీదుగా అమ్మే 'మిల్లెట్ స్ప్రే' కట్ట కొన్నాక చూస్తే అది మన కొర్ర కంకే. మా పుట్టింటి వైపు బంధువుల చేలో కోసినప్పుడు ఒక కట్ట తెచ్చి ఎండబెట్టి దాచుకున్నాను. వారానికి ఒక కంకి దానికి పండగ. కొర్రలు, సామలు, రాగులు కలిపి ఉప్పు లేకుండా ఉడికించి చల్లార్చి ఒక స్పూను పెడతాను. రాగుల్లో 100 గ్రాములకు 300 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది. పొద్దుతిరుగుడు గింజలు ఇప్పుడు రోజుకు నాలుగైదు, అవీ చేతి మీదకు పిలిచినప్పుడు బహుమతిగా.

మొలకలంటే నాకు ఇష్టం, భయం కూడా. పెసలు, శనగలు రాత్రి నానబోసి, పొద్దున్న కడిగి, గుడ్డలో కట్టి, తోక కనిపించగానే పెట్టేయాలి. ఆరేడు గంటలకొకసారి కడగాలి. మే నెలలో మా ఇంట్లో అవి సాయంత్రానికే జిగురెక్కుతాయి. వేలికి జారినట్టు అనిపించినా, పులిసిన వాసన వచ్చినా చెత్తలోకే. ఎండాకాలం నేను మొలకలు మానేసి ఉడికించిన శనగలే పెడతాను. రాజ్మా, చిక్కుడు గింజలు ఎప్పుడూ పచ్చివి పెట్టకండి. బాగా మెత్తగా ఉడకాలి. తడి తిండి ఏదైనా రెండు గంటల్లో, ఎండల్లో గంటలోపే తీసేయాలి.

సాయంత్రం రంగులు కలపని పెల్లెట్లు, అంటే చిలకల కోసం తయారుచేసి అమ్మే పొడి తిండి గుళికలు, ఒక స్పూను. 'సహజమైన తిండి' అంటూ వీటిని పూర్తిగా పక్కన పెట్టేవాళ్లు ఉన్నారు. నాకది సరికాదనిపిస్తుంది. కూరగాయలు రోజూ ఒకేలా తినదు కదా, ఆ లోటు ఇవి పూడుస్తాయి. పండ్లు కొద్దిగానే: జామ ముక్క, బొప్పాయి, దానిమ్మ గింజలు పది, మామిడి రోజుల్లో చిన్న చెక్క. యాపిల్, సీతాఫలం పెడితే గింజలు పూర్తిగా తీసేయాలి, వాటిలో విషం ఉంటుంది. వారానికొకసారి ఉడికించిన కోడిగుడ్డు, బొటనవేలి గోరంత.

కాల్షియం కోసం సముద్రపు నురుగు ముక్క పంజరానికి కట్టి ఉంచుతాను, అదే కటిల్ ఫిష్ ఎముక. పొద్దుటి ఎండ అరగంట తప్పదు, ఎందుకంటే విటమిన్ డి లేకపోతే తిన్న కాల్షియం ఒంటపట్టదు. కిటికీ అద్దం వెనక పెడితే లాభం లేదు, అద్దం ఆ కిరణాలను ఆపేస్తుంది. ఎండలో పెట్టినప్పుడు సగం పంజరానికి నీడ ఉండాలి, పిల్లుల నుంచి కాపలా ఉండాలి.

మా అత్తయ్యగారు బంగారికి పాలన్నం పెట్టేవారు. చిన్నప్పటి నుంచి ఆవిడ చూసిన చిలకలన్నీ అదే తిన్నాయట. పక్షుల కడుపులో పాలను అరిగించే ఎంజైమ్ ఉండదని డాక్టరు చెప్పారని నెమ్మదిగా చెప్పాను. "అయితే నేనేం పెట్టను దానికి?" అన్నారు. మనసు నొచ్చుకుందని తెలిసింది. అందుకని మునగాకు రెమ్మ కట్టే పని ఆవిడకే ఇచ్చాను. ఇప్పుడు పక్కింటి పిన్నిగారు మురుకు ముక్క తెచ్చినా వద్దని చెప్పేది అత్తయ్యగారే.

వద్దనే వాటిని ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను. అవకాడో, చాక్లెట్, టీ, కాఫీ ప్రాణం మీదకు తెస్తాయి. ఉల్లి, వెల్లుల్లి వద్దు. ఆవకాయ, చిప్స్, బిస్కెట్లు, ఉప్పు తగిలినవేవీ వద్దు. వేరుశనగ విషయంలో చాలా జాగ్రత్త: బూజు పట్టిన కాయలో అఫ్లటాక్సిన్ అనే విషం ఉంటుంది, అది నేరుగా కాలేయాన్ని తింటుంది, పైకి కొన్నిసార్లు కనిపించదు కూడా. నేను అసలే పెట్టను. తిండి కాకపోయినా ఇది కూడా వంటింటి విషయమే కాబట్టి చెబుతున్నా. నాన్‌స్టిక్ పెనం ఖాళీగా మాడితే వచ్చే పొగ మనకు తెలియకముందే చిలకను చంపేస్తుంది. మా ఇంట్లో ఇప్పుడు ఇనప పెనమే. చిలక ఉన్న గదిలో దోమల కాయిల్, అగరుబత్తి కూడా వెలిగించం.

తిండి గిన్నెలోనే పెట్టాలని లేదు. అడవిలో దానికి రోజులో ఎక్కువ భాగం తిండి వెతుక్కోవడంతోనే గడుస్తుంది. మొక్కజొన్న పొత్తు పైపొర ఎండబెట్టి, రెండు కొర్ర గింజలు, ఒక క్యారెట్ ముక్క లోపల పెట్టి ముడి వేసి వేలాడదీయండి. విప్పడానికి బంగారి అరగంట తీసుకుంటుంది. నేను ఆ అరగంటలో ఒక జాకెట్టు చేతులు కుట్టేస్తాను. అంతకుముందు ఊరికే కూర్చుని అరిచే చిలక ఇదేనా అనిపిస్తుంది.

రోజూ పంజరం అడుగున పరిచే కాగితం తీసేటప్పుడు రెట్ట చూడండి. ఆకుపచ్చ భాగం, తెల్ల భాగం, కాస్త నీరు, మూడూ విడివిడిగా ఉండాలి. పండ్లు తిన్న రోజు నీరు ఎక్కువగా ఉంటుంది. తెల్ల భాగం ఆకుపచ్చగానో పసుపుగానో మారితే, ఈకలు ఉబ్బించుకుని పంజరం కింద కూర్చుంటే, తెల్లారేదాకా ఆగకండి. చిలకలు జబ్బును చివరి దాకా దాచుకుంటాయి.

ఈ రోజు పుస్తకంలో బంగారి బరువు 113. కూర గుమ్మడికాయ పులుసు, దాని గిన్నెలోకి రెండు స్పూన్ల ముక్కలు బెల్లం వేయకముందే వెళ్లాయి.